ప్రసన్నమ్మ పుంజు కట్టిన కొట్టం

నంద్యాలలోని ఆ క్రైస్తవుల గుడిలో ఏటా కోత పండగ నాడు ప్రసన్నకుమారి ఒక పుంజును తెచ్చి, కాళ్లు కట్టి, మిగతా కానుకల పక్కన పెట్టేది. ఏటా ఆ పుంజును "సుందరరాజు గారి ఇంటి కానుక" అని పిలిచి వేలం వేసేవాళ్లు. సుందరరాజు ఆమె చనిపోయిన భర్తకు అన్న. ఆ పుంజుకు ఆయన ఏనాడూ ఒక గింజ వేసిన పాపాన పోలేదు. అయినా కానుకను ఇంటి మగవాడి పేరు మీదే చదవాలన్నది అక్కడి ఆనవాయితీ. ఇంట్లో మగవాడు లేకపోతే దగ్గరి చుట్టాల్లో ఒకణ్ని వెతికి పట్టుకుని మరీ చదివేవాళ్లు. ఇక వేలంలో పాడటమంటే అది పూర్తిగా మగవాళ్ల వ్యవహారం. ఆడవాళ్లు తెస్తారు, మగవాళ్లు పాడతారు.

దేవుని ముందు అందరూ సమానమని ప్రసంగం విన్న పావుగంటకే ఈ తంతు నడిచేది. అది తప్పని ఎవరికీ తోచలేదు. తోచినవాళ్లు నోరు మెదపలేదు. ప్రసన్నకుమారీ మెదపలేదు. పేరు ఎవరిదైతేనేం, కానుక దేవునికి ముట్టింది కదా అని చాప మీద తన చోట తాను కూర్చునేది. లోపల కొంచెం గుచ్చుకునేది. ఆ గుచ్చుకోవడానికి కూడా ఆమె అలవాటు పడిపోయింది.

ఆమె పుట్టింది ఆళ్లగడ్డలో. పెళ్లయి నంద్యాలకు వచ్చింది. లారీ డ్రైవరైన భర్త జ్వరంతో పోయాక, మిషన్ హాస్టల్లో వంటమనిషిగా చేరింది. పిల్లలంతా ప్రసన్నమ్మ అనేవాళ్లు. సంగటి ముద్ద చిన్నదైందని అలిగినవాడికి ముందు ఒక తిట్టు, తర్వాత ఒక ముద్ద వడ్డించేది. వంటింటి వెనక నాలుగు కోళ్లు సాకేది. వాటిలో ఎర్రటి తురాయి పెట్టుకున్నట్టుండే ఒక పుంజు మెడ నిక్కించి వరండా అంతా తనిఖీ చేస్తూ తిరిగేది. పిల్లలు దానికి కలెక్టరని పేరు పెట్టారు. 1978 కోత పండగకు ప్రసన్నమ్మ మొక్కుకున్నది దాన్నే.

ఆ పండగ సంగతికి ముందు అంతకు మునుపటి డిసెంబరు సంగతి చెప్పాలి.

క్రిస్మస్ ముందు గుడి యువజన సంఘం ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడి కానుకలు పోగుచేసేది. వాటితో దుప్పట్లు కొని బీదలకు పంచేది. సంఘానికి కార్యదర్శి మోషే, టీచరు ట్రైనింగు చదువుతున్నాడు. ఆ ఏడు దుప్పట్లు ఆళ్లగడ్డ దగ్గర కాలువ గట్టు మీది కూలీల గుడిసెల్లో పంచుదామన్నాడు. వంట చేసిపెట్టడానికి ప్రసన్నమ్మ కూడా బస్సెక్కింది.

వీళ్లు పొద్దున పదింటికి వెళ్లేసరికి గుడిసెల్లో పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ చేలల్లో ఉన్నారు. ఒక గుడిసె ముందు నులక మంచం కోడుకు పాత చీర పేలికతో నడుం కట్టేసి ఉన్న పసివాడు కనిపించాడు. పేలిక ఎంతవరకు సాగితే అంతవరకు వచ్చి, మట్టి తింటూ, వీళ్లను చూసి నవ్వాడు. మోషే పరుగున వెళ్లి కట్టు విప్పాడు. విప్పీ విప్పకముందే వాడు కాలువ వైపు దౌడు తీశాడు. నలుగురు కలిసి పట్టుకోవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం పాలివ్వడానికి తల్లి సుబ్బలక్ష్మి వచ్చింది. కొడుకును కట్టేసినందుకు ఆమె సిగ్గుపడలేదు, ఏడవలేదు. పోయిన ఏడు ఎదురింటివాళ్ల పిల్ల కాలువలో పడి చనిపోయిందని, ఎత్తుకుని పోతే వీడు కలుపు తీయనీడని మేస్త్రీ కూలికి పిలవడని చెప్పింది. మోషే ఇచ్చిన దుప్పటిని తిప్పి చూసి, "బాగుండాది నాయనా. కప్పితే వీడు కదలకుండా ఉంటాడా?" అని అడిగింది.

ఎగతాళికి అడిగింది కాదు.

తిరుగు బస్సులో పిల్లలు పాటలు పాడుతుంటే ప్రసన్నమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నంద్యాల దగ్గర పడుతుండగా మోషేను పిలిచి, అక్కడ ఒక కొట్టం కట్టాలంది. మట్టి గోడలు, బోదకసువు గడ్డి కప్పు, చుట్టూ ఒక కంచె. తల్లులు పొలాల్లో ఉన్నంతసేపూ పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషి. వానలు పడి కలుపు పనులు మొదలయ్యేలోపు అది లేవాలి. ఆలస్యమైతే ఈసారి కాలువలోకి పోయేది ఎవరి బిడ్డో అంది.

"దుప్పట్లు కొనేది సులువు అత్తా. కొట్టమంటే సంఘపెద్దలు ఒప్పుకోవాల కదా," అన్నాడు మోషే.

సంఘపెద్దలు ఒప్పుకోలేదు. కోత పండగ రాబడితో ప్రహరీ గోడ కట్టాలని వాళ్లు అప్పటికే తీర్మానించారు. గుడి ఆవరణలో మేకలు తిరుగుతున్నాయట. మేకల్ని ఆపడానికి ఇటుక గోడ కావాలి గానీ, పిల్లల్ని ఆపడానికి పేలిక చాలన్నమాట. పాస్టరు అయ్యగారు నడిమధ్యన ఒక దారి చూపారు. కానుక ఇచ్చినవాళ్లు దేనికిమ్మంటే దానికే ఆ రాబడి పోతుంది. కొట్టానికి ఇవ్వదలిచినవాళ్లు కొట్టానికే ఇవ్వవచ్చు.

వినడానికి బాగానే ఉంది. కానీ ఇచ్చినవాళ్లంటే ఎవరు? ఆ గుడి లెక్కలో ఇంటి మగవాళ్లే.

పండగ రోజు గుడి ముందు గుమ్మడికాయలు, జొన్న కంకులు, వేరుశనగ మూటలు, పసుపు కొమ్ములు, గుడ్ల బుట్టలు గుట్టపడ్డాయి. వేలం వేసేది ఎప్పుడూ ఏసయ్యే. సంతలో ఎద్దుల బేరాలు చేసే మనిషి, గొంతు ఊరవతలికి వినిపిస్తుంది. అక్కడి వేలంలో ఒక ముచ్చట ఉంది. పాడుకున్నవాడు వస్తువును వెంటనే ఇంటికి తీసుకుపోడు. పాడిన పాట చెల్లించి, వస్తువును మళ్లీ దేవునికే ఇచ్చేస్తాడు. దాన్ని మళ్లీ వేలం వేస్తారు. ఒక్క గుమ్మడికాయ పది చేతులు మారుతుంది. అందరూ అలిసిపోయాక ఆఖరి పాట పాడినవాడే దాన్ని ఇంటికి తీసుకుపోతాడు. ఆఖరి పాట పాడటం గొప్ప పరువు. దేవుని ముందు పాడిన పాటను వెనక్కు తీసుకోవడం అంతకంటే పెద్ద అప్రతిష్ఠ. బియ్యం మిల్లులో గుమాస్తా అయిన సుందరరాజు, గంజి పెట్టిన తెల్లపంచెతో ముందు వరసలో కూర్చుని, ఏటా పుంజు ఆఖరి పాటను ఎవరికీ వదిలేవాడు కాడు.

ఏసయ్య కలెక్టరును చంకలో పెట్టుకుని పైకి లేపాడు. "సుందరరాజు గారి ఇంటి పుంజు. ప్రహరీ గోడకు," అని అరిచాడు.

మోషే ఆడవాళ్ల చాపల వైపు చూశాడు. ప్రసన్నమ్మ అప్పటికే లేచి నిలబడింది. చీర కుచ్చెళ్లు గట్టిగా పట్టుకుంది.

"ఏసయ్యన్నా, ఆ పుంజు నాది. ఆళ్లగడ్డ కొట్టానికి ఇస్తాండా."

గుడంతా మెడలు తిరిగాయి. సుందరరాజు వెనక్కు తిరగకుండానే, "కూచో ప్రసన్నా. ఇంటి మాట ఇంట్లో చూసుకుందాం," అన్నాడు.

"నీ ఇంట్లో అది యాడ పెరిగింది బావా? హాస్టల్ వంటింటెనక పెరిగింది. నిన్ను చూస్తే గుర్తు గూడా పట్టదు."

హాస్టల్ పిల్లలు గొల్లుమన్నారు. అయ్యగారు నవ్వు దాచుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుని, ఇచ్చిన మనిషి నోరు తెరిచి చెప్పింది కాబట్టి కొట్టానికే అన్నారు. ఏసయ్య గొంతు సవరించుకుని, ఆ గుడి చరిత్రలో మొదటిసారి, "ప్రసన్నకుమారి పుంజు," అని పిలిచాడు.

పిలిచాడు సరే, పాడేవాళ్లేరీ? సుందరరాజు చేతులు కట్టుకున్నాడు. ఆయన కట్టుకున్నాడని పక్కనున్న పెద్దలూ కట్టుకున్నారు. పెద్దల ముందు పాడటానికి మిగతా మగవాళ్లు జంకారు. ఏసయ్య ఒకటోసారి అన్నాడు. రెండోసారి అనబోయి ఆగి, దిక్కులు చూశాడు. మూడోసారి అంటే పుంజుకు పాట లేనట్టే, కొట్టానికి దిక్కు లేనట్టే.

"నేనే పాడుతాండా," అంది ప్రసన్నమ్మ.

ఆడోళ్లు పాడరు కదమ్మా అన్నాడు ఏసయ్య, పాపం జాలిగానే. నీకాడ దుడ్లు యాడివి అని కూడా అడిగాడు.

"దుడ్లు లేవన్నా. ఒక దినం ఆళ్లగడ్డకు పోయి కొట్టానికి మన్ను తొక్కుతా. అదీ నా పాట."

ఏసయ్య ఎద్దుల్ని బేరమాడాడు, గొర్రెల్ని బేరమాడాడు, ఇటువంటి పాట మాత్రం ఎప్పుడూ వినలేదు. అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు, కానుక ఇచ్చిన మనిషికి ఆ వెల సమ్మతమైతే తనకూ సమ్మతమే అన్నారు. ఏసయ్య మూడోసారి అనేశాడు. ప్రసన్నమ్మ పుంజును అందుకుని, ఆనవాయితీ ప్రకారం మళ్లీ ఆయన చేతికే ఇచ్చేసింది.

అప్పుడు చాపల మీంచి ఆదిలక్ష్మమ్మ చెయ్యెత్తింది. గుడి ఊడ్చే ముసలమ్మ ఆమె. "నేను రెండు దినాలు."

"వంగితే లేయలేవు, నువ్వేం మన్ను తొక్కుతావు అవ్వా?" అన్నారెవరో మగవాళ్ల వైపు నుంచి.

"నడుము లేకపోతే ఏమిరా, నోరుండాది కదా. మీ మాదిరి సోమరిపోతుల్ని అదిలిస్తా."

ఆ తర్వాత ఇక ఆపేవాళ్లు లేకపోయారు. ఆనవాయితీ ఒప్పక, డబ్బు లేక ఏ వేలంలోనూ నోరు విప్పని ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పాడారు. వాసాలు మోసే దినం ఒకరిది, కసువు కోసే దినం ఒకరిది, కూలీలకు సంగటి కెలికే దినం ఒకరిది. యువజన సంఘం కుర్రాళ్లు పోటీకి దిగారు. కలెక్టరు చంక మారి చంక మారి చివరికి ఏసయ్య వేలును పొడిచింది.

సుందరరాజు ఎంతసేపని ఓర్చుకుంటాడు? తన పుంజని ఊరంతా ఎరిగిన పుంజు, తన కళ్ల ముందే ట్రైనింగు కుర్రాడు మోషే చేతిలోకి పోయేట్టుంది. లేచి ఒక పెద్ద నోటు పైకెత్తాడు. ప్రసన్నమ్మ, "దుడ్లు వద్దు బావా. ఈ పుంజుకు దినాలే," అంది.

"అట్లయితే వారం!" అన్నాడు సుందరరాజు.

ఆ మాట నోట్లోంచి వచ్చాకగానీ తను ఏమన్నాడో ఆయనకు తెలిసిరాలేదు. ఏసయ్య మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా ఒకటి, రెండు, మూడు అనేసి పుంజును తెచ్చి తెల్లపంచె ఒళ్లో పెట్టాడు.

మర్నాడు సుందరరాజు తన వారానికి బదులు ఒక కూలివాణ్ని పంపిస్తానని కబురు చేశాడు. ఆదిలక్ష్మమ్మ కర్ర పొడుచుకుంటూ ఆయన ఇంటికి వెళ్లి, దేవుని ఎదుట పాడింది నువ్వా, కూలోడా అని వాకిట్లో నిలబడి అడిగింది. వీధి వీధంతా విన్నది. దాంతో ఆ తర్వాతి సోమవారం ఆళ్లగడ్డ బస్సులో, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో పుంజుతో సుందరరాజు కూడా కనిపించాడు.

మొదటిరోజు ఆయన పంచె మోకాళ్లకు ఎగ్గట్టడానికే గంట పట్టింది. రెండోరోజు చేతులు బొబ్బలెక్కాయి. కూలికి పోయి వచ్చిన సుబ్బలక్ష్మి ఆయన కాళ్ల కింద మన్ను చూసి, అప్పా, అది తొక్కేది, దానికి దండం పెట్టేది కాదు అని నవ్వింది. ఆమె కొడుకు ఆ మన్నులోనే పొర్లాడాడు. మధ్యలో వాడు కాలువ వైపు పరిగెత్తినప్పుడల్లా ఎవరో ఒకరు పని వదిలి పరిగెత్తాల్సి వచ్చేది. మూడుసార్లు సుందరరాజే పరిగెత్తాడు. మూడోసారి వాణ్ని భుజాన వేసుకుని ఆయాసపడుతూ వచ్చి, "వీని అమ్మ ఇట్ల దినమూ ఎట్ల చేస్తాండాదో," అన్నాడు. ఎవరితోనూ కాదు, తనతోనే అన్నట్టు. ఆ మాట తర్వాత ఆయన పారను ఇంకోలా పట్టాడని ప్రసన్నమ్మ చెబుతుంది. వారం అయిపోయినా వెళ్లలేదు. మిల్లుకు సెలవు పొడిగించుకుని కప్పు వేసేదాకా ఉన్నాడు. ఆ రోజు పుంజు పులుసు వండి గుడిసెల వాళ్లంతా కలిసి తిన్నారు. తూర్పు గోడ నిట్టనిలువుగా రావడం తన చలవేనని ఆయన చచ్చేదాకా చెప్పుకున్నాడు. కానుకలో ఆడవాళ్ల పేర్లు చదవడం గురించి మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. కానీ మరుసటి ఏడు చదివినప్పుడు అడ్డమూ చెప్పలేదు.

వానలు మొదలయ్యేలోపు ప్రసన్నమ్మ హాస్టల్ పని మానేసి ఆళ్లగడ్డకు మకాం మార్చింది. సుబ్బలక్ష్మి కొడుకుతో మొదలై కొట్టం నిండింది. నంద్యాల ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడల్లా తీసి ఉంచిన పిడికెడు బియ్యం నెలకోసారి మూటలుగా బస్సులో వచ్చేది. మొదట్లో గట్టు మీది కొన్ని ఇళ్లవాళ్లు, అక్కడికి పంపితే పిల్లలకు బాప్తిస్మం ఇప్పిస్తారని భయపడి పంపలేదు. ఆ మాట అడగడానికే ఒకాయన కొట్టం దాకా వచ్చాడు. ప్రసన్నమ్మ చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఇద్దరు, కాళ్ల దగ్గర ఏడుస్తూ ఇంకొకడు. "ముక్కులు తుడిచేదానికే పొద్దు చాలదు నాయనా, మతం మార్చేదానికి యాడ దొరుకుతుంది?" అంది. ఆయన మర్నాడు తన మనవరాలిని తీసుకొచ్చి వదిలాడు. అహోబిలం నుంచి ఆళ్లగడ్డకు వచ్చి స్థిరపడిన వేదవల్లి, ఒక దేవళం వంటాయన భార్య, తనకు పొద్దుపోవడం లేదని వచ్చి పిల్లలకు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. వంట దగ్గర మాత్రం ఆమెకూ ప్రసన్నమ్మకూ రోజూ గొడవే. చారులో వెల్లుల్లి వేయాలా వద్దా అన్నది ఇప్పటికీ తేలలేదు.

కొట్టం లేచిన నాటి నుంచి ఆ గట్టు మీది బిడ్డ ఒక్కటీ కాలువలో పడలేదు. ప్రసన్నమ్మ జీవితంలో చెప్పుకోదగ్గది ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పాల్సింది ఇదే.

ఇది చదువుతున్న మీరు గుడికి పోయేవాళ్లు కావచ్చు, మసీదుకో దేవళానికో పోయేవాళ్లు కావచ్చు, ఎక్కడికీ పోనివాళ్లూ కావచ్చు. దుప్పట్లు పంచండి, తప్పు లేదు. కానీ పంచే ముందు, తీసుకునే మనిషికి ఏం కావాలో ఒకసారి అడగండి. మీ ఊళ్లో కలుపుకు పోతున్న తల్లిని ఆపి, పిల్లను ఎక్కడ వదిలి వచ్చావమ్మా అని అడగండి. ఆ జవాబు విన్నాక ఊరకుండటం మీకే కష్టమవుతుంది.

పాములపాడు కూలి ఆడవాళ్లు తమకూ ఒక కొట్టం కావాలని ప్రసన్నమ్మ దగ్గరికి వచ్చారు. ఒక రైతు దారి పక్కన జాగా ఇచ్చాడు. వాసాలు ఉన్నాయి. లేనిదల్లా చేతులే. ఈ వేసవి సెలవుల్లో గోడలు లేవాలి. చదువుకునే పిల్లలు, ఉద్యోగాలు చేసేవాళ్లు, ముఖ్యంగా ఇంతవరకు పార పట్టని మగవాళ్లు, మీకు వీలైనన్ని దినాలు ఇవ్వండి. పాములపాడులో బస్సు దిగి, ప్రసన్నమ్మ కొట్టం యాడ కడ్తాండారని అడిగితే చిన్నపిల్లలైనా దారి చూపిస్తారు. పాత బట్టలు కట్టుకుని రండి.