అయ్యగారి ఇంటి ముందు చెప్పులు

మేం నాన్నని అయ్య అనే పిలుస్తాం. ఆయనేమో తాను కౌలుకి చేసిన పొలం ఆసామిని అయ్యగారు అనేవాడు. ఆ మాట ‘ఆర్య’లోంచి వచ్చిందని కొందరు, కాదు అచ్చంగా మనదేనని కొందరు అంటారు. ఎక్కడ పుడితే నాకేంటి? నిఘంటువులో తండ్రి, ప్రభువు అని రెండర్థాలూ పక్కపక్కనే ఉన్నాయి. మా అయ్య మాత్రం ఆ రెండో అర్థం పక్కన ఏనాడూ నిలబడలేదు.

ఆసామి వాళ్లు ఇల్లమ్మేసి కొవ్వూరు వదిలి ఏళ్లయింది. ఇప్పుడక్కడ బైకుల షోరూం ఉంది. అయినా నిన్న మిట్టమధ్యాహ్నం నాతో నడుస్తూ దాని ముందుకి రాగానే, అయ్య పాత రోజుల్లోలాగే చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. కింద తారు కాలిపోతోంది. నాకు ఒళ్లు మండింది.

“ఎవరున్నారయ్యా లోపల? చెప్పులేసుకో!” అని అరిచాను.

“అరవకురా, అయ్యగారిల్లు” అన్నాడు.