ఫుట్‌రెస్ట్ కింద ఏం దాచాడు?

మా వాడకట్టులో భానుచందర్ అంత నెమ్మదస్తుడు ఇంకొకడు లేడు. కారు డ్రైవరు. అలాంటివాడికి దొరికిన యజమాని మాత్రం రాజేశ్వర్ రావు. హన్మకొండలో పైపులైన్ల కాంట్రాక్టరు. ఆయనకు అనుమానం అన్నం లాంటిది, పూటపూటకూ కావాలి. సాయంత్రం దిగేటప్పుడు కారు మీటరు ఫొటో తీసుకుంటాడు. పొద్దున ఎక్కగానే వాసన చూస్తాడు, తను లేనప్పుడు ఎవరైనా ఎక్కారేమోనని. ఇన్నేళ్లలో భాను ఒక్క చుక్క డీజిల్ ముట్టినవాడు కాదు. అయినా ఆయన చూపు మారలేదు. నాకైతే ఆ మనిషిని తలచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

నిరుడు వానల్లో వర్ధన్నపేట దగ్గర బైకు జారి భాను ఎడమ చీలమండ విరిగింది. దవాఖానలో లోపల ప్లేటు వేశారు. రావుకు మాత్రం కామెర్లని చెప్పి సెలవు పెట్టాడు. అబద్ధమే, కానీ వాడికి వేరే దారి లేదు. అంతకుముందున్న డ్రైవరును కళ్లద్దాలు పెట్టుకొచ్చిన రోజే రావు పనిలోంచి తీసేశాడు. కాలు సంగతి బయటపడితే భానుకూ అదే గతి.

ఎముక అతికింది గానీ క్లచ్ తొక్కీ తొక్కీ సాయంత్రానికి కాలు వాచేది. రావు పైపుల పని రఘునాథపల్లిలో, రోజూ హైదరాబాద్ రోడ్డు మీద రానూపోనూ. క్లచ్ వదిలాక ఎడమ పాదం ఆనించుకోవడానికి ఆ కారులో ఏమీ లేదు. తక్కువ మోడల్ కదా, కంపెనీవాడు ఫుట్‌రెస్ట్ ఇవ్వలేదు. భాను ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించుకున్నాడు. తీరా చూస్తే తళతళలాడే స్టీలు, దాని మీద ఎర్ర రబ్బరు బుడిపెలు. లోపలంతా నల్లగా ఉన్న ఆ కారులో అది పెడితే రావు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది.

దాన్ని సంచిలో చుట్టుకొని ములుగు రోడ్డులో సీటు కవర్లు కుట్టే యాకయ్య దగ్గరికి పోయాడు.

"యాకన్నా, ఇది బండిల కలిసిపోవాలె. కంపెనీదే అనుకోవాలె."

యాకయ్య వాడిని ఎగాదిగా చూశాడు. "ఇంత దాసిపెట్టుడెందుకు తమ్మీ? బండి నీదేనా?"

"మా సార్‌ది."

"మీ సార్‌కు ఎర్కనా?"

భాను సంచిని ఆయన ముందుకు జరిపాడు. యాకయ్యకు నమ్మకం కుదరలేదు, అయినా పని ముందుకొచ్చాక ఆగే మనిషి కాదు. స్టీలు మీద గరుకు కాగితం రుద్ది మెరుపు చంపాడు. నల్ల రంగు కొట్టాడు. ఎర్ర బుడిపెలు పీకేసి, అదే మోడల్ కారు పాత మ్యాటు ముక్క కోసి అతికించాడు. కింది పట్టీని నేల వాలుకు తగ్గట్టు వంచి, బాడీకి కొత్త రంధ్రం పెట్టకుండా ముందే ఉన్న బోల్టుకు బిగించాడు. అంతటితో ఆగినా బాగుండేది. పాత బండిలో కొత్త సామాను దూరం నుంచే పట్టిస్తుందని ఆయన లెక్క. అందుకని మధ్యలో అరగదీసి, మట్టి రుద్ది, ఏళ్లుగా ఎవరో కాలు పెట్టినట్టే చేశాడు.

కొంప ముంచింది అదే. రావు దాన్ని చూడనే చూశాడు. కొత్తదైతే డ్రైవరు పెట్టించాడనుకునేవాడు. ఇది అరిగిపోయి ఉంది. తన కారులో లేని వస్తువు, ఉన్నా ఇంత అరగడానికి వీల్లేని వస్తువు. ఆయనకు తోచింది ఒక్కటే, కారునే మార్చేశారని. ఆర్‌సీ పట్టుకొని బానెట్ ఎత్తి ఛాసిస్ నంబరు ఒక్కో అంకె పోల్చుకున్నాడు. కారు తనదేనని తేలాక ఇంకా గుబులు పడ్డాడు.

"ఇది ఎవలు పెట్టిన్రు భానూ?"

"నేనే సార్. నా పైసలతోని. జర మంచిగ కనపడ్తదని."

ఆ మాట రావు నమ్మలేదు. మర్నాటి నుంచి వెనక సీటు మానేసి ముందు కూర్చున్నాడు. దారి పొడుగునా కళ్లు కిందికే. ఇక భాను ఆ ఫుట్‌రెస్ట్ మీద కాలు పెడితే ఒట్టు. పెడితే నొప్పని తెలిసిపోతుందేమోనని భయం. కష్టపడి చేయించుకున్నది పక్కనే ఉన్నా, పళ్లు బిగబట్టి పాదాన్ని క్లచ్ దగ్గరే ఉంచేవాడు. వాపు రెట్టింపైంది.

ఒక సాయంత్రం రఘునాథపల్లి దాటాక రావు బండి ఆపమన్నాడు.

"ఇన్ని రోజులసంది చూస్తాన. పైసలు వెట్టి చేయించుకున్నవ్, ఒక్కనాడన్న దాని మీద కాలు వెట్టకపోతివి. దాని కింద ఏం దాసినవ్?"

"ఏం లేదు సార్."

"దిగు."

ఆయనే డిక్కీలోంచి పానా తెచ్చి, స్టీరింగు కింద తల దూర్చి బోల్టు విప్పాడు. కింద కార్పెట్ తప్ప ఏమీ లేదు. అది కూడా గోళ్లతో ఎత్తి చూశాడు. ఫుట్‌రెస్ట్ చేతిలో పట్టుకొని వెనక్కి జరిగేసరికి, తలుపు పట్టుకొని నిలబడ్డ భాను పాదం ఆయన మొహానికి ఎదురుగా ఉంది. చెప్పు విడిచిన పాదం, కుండలా వాచి, పక్కన పొడుగ్గా కుట్ల మచ్చ.

"ఇదేంది?"

"నిరుడు విరిగింది సార్. కామెర్లు కాదు."

రావు లేచి నిలబడ్డాడు. "గీ కాలుతోనేనా నన్ను తిప్పుతానవ్?" ఆ గొంతులో జాలి లేదు, మోసపోయానన్న కోపమే ఉంది. చెయ్యి చాపి తాళం చెవి అడిగాడు. భాను ఇచ్చాడు. కొలువు పోయిందని వాడికి అప్పుడే అర్థమైంది, ఇంట్లో భార్య రమకు ఏం చెప్పాలో అర్థం కాలేదు.

ఫుట్‌రెస్ట్‌ను వెనక సీట్లో పడేసి రావే స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆయన కారు నడిపి ఎన్నాళ్లైందో. కాజీపేటలో అడుగడుగునా బండ్లు, అడుగడుగునా క్లచ్. పక్కన కూర్చున్న భాను ఆయన ఎడమకాలినే చూస్తున్నాడు. క్లచ్ వదిలిన ప్రతిసారీ ఆ పాదం కార్పెట్ మీద జారుతోంది, ఆనించే చోటు వెతుక్కుంటోంది, దొరక్క వెనక్కి పోతోంది. కాసేపటికి ఆయన మోకాలు నొక్కుకున్నాడు. ఇంకాసేపటికి రోడ్డు పక్కన ఆపి, దిగి, తాళం చెవి భాను ఒళ్లో పడేశాడు.

"బిగియ్యి దాన్ని."

భాను బోల్టు బిగిస్తుంటే రావు అక్కడే నిలబడి ఫోన్ వెలుగు పట్టాడు. సాయం చేయడానికో, కింద ఏమైనా పెడతాడేమోనని చూడటానికో నాకు ఇప్పటికీ తెలియదు. బిగించడం అయ్యాక ఆయన ముందు తలుపు వదిలేసి, మునుపటిలాగే వెనక సీట్లో పోయి కూర్చున్నాడు.