బోరివలి అడవిలో వేసిన కేక

టెంఘర్‌లో ఇరవై ఏళ్లుగా సాంచలనే మరమగ్గాలు నడుపుతున్న దత్తాత్రి, శుక్రవారం కరెంటు కోతకు ఛుట్టీ వచ్చి అవన్నీ ఆగితే, రోజంతా పడుకునేవాడు. అలాంటివాడు పక్కింటి లక్ష్మీనర్సయ్య పిలవగానే బోరివలి నేషనల్ పార్కుకు బయల్దేరాడు. భార్య రాజమణి మాత్రం ఇష్టం లేకుండానే వెంట వచ్చింది. ఆ ఏడు అక్కడ చిరుతలు మనుషుల మీద పడుతున్నాయని బస్తీ అంతా అనుకుంటోంది. గేటు దగ్గర గార్డు కూడా గుంపు విడవొద్దని మరీ మరీ చెప్పాడు.

కన్హేరి గుహలు దాటాక బాట ఎత్తుకు ఎక్కసాగింది. ముందు ఎండుటాకులు పరచుకున్న టేకు చెట్లు, ఆ తర్వాత ఎండ సోకని వెదురు పొదలు. దత్తాత్రి కుర్రాడిలా ముందు నడుస్తున్నాడు. రాజమణి కాలిలో దిగిన ముల్లు తీసుకోవడానికి ఆగింది.

"ఏమయ్యో, జర ఆగు!"

అతను తిరగలేదు. పిలిస్తే వినబడే దూరమే. ఆమె మళ్లీ పిలిచింది. లక్ష్మీనర్సయ్య కేక వేశాడు. వెదురు మీది పిట్టలు లేచిపోయాయి గాని దత్తాత్రి మెడ కదల్లేదు. మలుపు తిరిగి కనబడకుండా పోయాడు.

రాజమణికి అప్పుడు తట్టింది. కార్ఖానాలో మగ్గాల మోతకు అందరూ అరిచే మాట్లాడతారు, లేదంటే సైగలు చేసుకుంటారు. వాళ్ల ఇల్లు ఆ కార్ఖానా గోడకు ఆనుకునే ఉంది. అక్కడ అతనికి వినబడుతోందో లేదో ఎవరికి తెలుస్తుంది? ఇంత నిశ్శబ్దంలో ఆమె ఎన్నడూ అతన్ని పిలవలేదు.

పరుగెత్తింది. బాట రెండుగా చీలిన చోట నిలబడి, పెళ్లయిన నాటి నుంచి నోట రాని పేరు పెట్టి అరిచింది.

"దత్తాత్రీ!"

ఎక్కడో ఎండుటాకులు గలగలమన్నాయి. అది అతని అడుగో, మరేదో. వెనక చిరుత నడిచొచ్చినా అతనికి తెలియదు కదా అనుకుంది.

లక్ష్మీనర్సయ్య కింది బాట పట్టాడు. ఆమె పైకి ఎక్కింది. వెదురు అయిపోయి నల్లటి బోడి బండ వచ్చింది. దాని అంచున కూర్చుని దత్తాత్రి కింద మెరుస్తున్న చెరువును చూస్తున్నాడు. భుజం పట్టుకోగానే ఉలిక్కిపడి లేచాడు.

"ఏందే, గిట్ల భయపెడ్తవ్? ఒక్క కేకేస్తే ఆగకపోదునా?"

ఆమె మొహం చూసి, రొప్పుతూ వెనక్కి తిరిగొచ్చిన లక్ష్మీనర్సయ్య మొహం చూసి, అతనే మెల్లగా అడిగాడు.

"పిలిచినవా?"

ఆమె అతనికి కనబడేలా తల ఊపింది.

దత్తాత్రి మళ్లీ బండ మీద కూలబడ్డాడు. "మీరే మెల్లగ మాట్లాడుతున్రని అనుకున్న," అన్నాడు.

దిగేటప్పుడు రాజమణి అతన్ని మధ్యలో నడిపించింది. ఆ తర్వాత ఠాణేలో చెవుల డాక్టరుకు చూపించారు. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోమన్నాడాయన. దత్తాత్రి చెవుల్లో దూది పెట్టుకుని మళ్లీ సాంచల దగ్గరికే వెళ్లాడు. టెంపోల మధ్య రోడ్డు దాటేటప్పుడల్లా రాజమణి అతని మోచెయ్యి గట్టిగా పట్టుకునేది.