ఒక మెట్టు కింద

అతను పళ్ళు చేస్తాడు. దంతవైద్యులు పంపే అచ్చుల్లో తెల్లటి పిండి కలిపి పోసి, అది గట్టిపడ్డాక దానిమీద మైనంతో చిగుళ్ళు కట్టి, వాటిలో ఒక్కొక్క పన్నునూ నిలబెడతాడు. పనిగది ఒక పాత భవనంలో నేలకు సగం కిందుగా ఉంటుంది. కిటికీలోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ చెప్పులూ బూట్లూ తప్ప మరేమీ కనబడవు. ఎవరైనా పాత ఫోటో తెచ్చి, "మా ఆయనకి ఈ పన్ను కాస్త పక్కకి తిరిగి ఉండేదండీ" అంటే, కొత్త పన్నునూ సరిగ్గా అంతే తిప్పి పెడతాడు. ఇంటా బయటా అతన్ని అందరూ పళ్ళ డాక్టరు అంటారు. తాను డాక్టరును కానని మొదట్లో సరిదిద్దేవాడు. తర్వాత మానేశాడు.

శనివారం సాయంత్రాలు మాత్రం అతను పియానో వాయిస్తాడు. ఎప్పుడో విడిపోయిన ఒక రాక్ బృందం పాటలను, వాళ్ళు వాయించినట్టే వాయించే నలుగురిలో అతనొకడు. ఈ నలుగురికీ సొంత పాట ఒక్కటీ లేదు. ఉండాలన్న కోరికా లేదు.

అతని సంగీతం ఒక నాట్యపాఠశాలలో మొదలైంది. అక్కడ అతని తల్లి దుస్తులు కుట్టేది. ఆమె పని ముగిసేదాకా హాల్లో మూలనున్న పియానో దగ్గర కూర్చోవడం అతనికి అలవాటు. ఇంట్లో పొరుగువాళ్ళు వదిలించుకున్న ఒక క్యాసెట్ ప్లేయరూ, దానితోపాటు వచ్చిన ఆ బృందం టేపులూ ఉండేవి. పాటను ఇంట్లో విని, మనసులో పట్టుకుని, మర్నాడు పియానో మీద వెతుక్కునేవాడు. ఆ ప్లేయరు లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి, చక్రం ఉండవలసిన వేగం కన్నా కొద్దిగా నెమ్మదిగా తిరిగేది. నెమ్మదిగా తిరిగే టేపులో పాట సాగడమే కాదు, శ్రుతి కూడా దిగుతుంది. అలా ప్రతి పాటా అసలు దానికన్నా ఒక మెట్టు కిందనే అతని చెవిలో స్థిరపడింది. ఎవరూ నేర్పలేదు గనుక ఎవరూ సరిదిద్దలేదు.

పెళ్ళయ్యాక, భార్య అన్నగారింట్లో మొదటిసారి అసలు రికార్డు విన్నాడు. కాసేపు విని, లేచి వెళ్ళి ప్లేయరు దగ్గర వంగి చూశాడు.

"ఇది కాస్త వేగంగా తిరుగుతున్నట్టుంది బావా."

"నా ప్లేయరుకేం రోగం? జబ్బు చేసింది నీ చిన్నతనానికి!" అన్నాడు బావ.

ఆ బావే బృందానికి గాయకుడు. సంగీతం నేర్చుకోలేదు. వయసులో ఉండగా బస్సు కండక్టరుగా పనిచేశాడు. నిండు బస్సులో వెనక సీటుదాకా వినబడేటట్టు స్టాపుల పేర్లు అరవడంలోనే గొంతు తయారైందని అతని నమ్మకం. ఇప్పుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాడు. కార్లు పెట్టుకునే షెడ్డులోనే సాధన. డ్రమ్స్ వాయించే పెద్దాయన పోలీసు బ్యాండులో కవాతులకు డ్రమ్ము మోసి రిటైరయ్యాడు. హవల్దారుగారని పిలుస్తారు. కూర్చుని వాయించడం ఆయనకిప్పటికీ కొంచెం నామోషీగానే ఉంటుంది. గిటారు వాయించే ఆమె ఒక బడిలో లెక్కల టీచరు. అంతకు ముందు ఒక పెద్ద వాద్యబృందంలో చివరి వరసలో వయొలిన్ వాయించేది. చివరి వరసలో ఉన్నవాళ్ళకు పక్కవాళ్ళ వాద్యం సరిగా వినబడదట. ఎదుటివాళ్ళ చేతులు చూసి వాయించడం ఆమె అక్కడ నేర్చుకుంది. బేస్ గిటారు వాయించే అతను పెళ్ళి చేసుకుని మానేశాడు. ఆ పని పళ్ళ డాక్టరు ఎడమచేతికి వచ్చింది.

బావ పెట్టిన నియమం ఒక్కటే: రికార్డులో ఉన్నట్టే. ఒక పాటకు ముందు రికార్డులో కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినబడుతుంది. దానికోసం హవల్దారుగారు ప్రతి కచేరీకీ ఒక కిర్రుకుర్చీని వెంట తీసుకువెళ్ళేవాడు. అలాంటి చోట ఒక మెట్టు తేడా అంటే మాటలు కాదు. పళ్ళ డాక్టరు పాటలన్నిటినీ పై మెట్టులో మళ్ళీ నేర్చుకున్నాడు. అయినా ధ్యాస తప్పితే వేళ్ళు పాత చోటికే పోయేవి. బృందంలో దానికి 'టేపు పెట్టడం' అని పేరు. అలా జరిగిన ప్రతిసారీ రెండు స్వరాలకే ఉలిక్కిపడి, చేతులు కాలినట్టు వెనక్కి లాక్కుని, క్షమించమని అడిగి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

చిక్కు ఒక పాటతో వచ్చింది. అది పియానోతో మొదలవుతుంది. మొదటి చరణంలో పియానో, గొంతు తప్ప మరేమీ ఉండవు. గిటారూ డ్రమ్సూ రెండో చరణంలో వస్తాయి. చివర గొంతు బాగా పైకి వెళ్ళి అక్కడే నిలబడాలి. కొంతకాలంగా బావ గొంతు అక్కడికి చేరేది కాదు. చేరినా చీలేది. గొంతు డాక్టరు చూసి, జబ్బేమీ లేదనీ వయసేననీ చెప్పాడు. ఆ మాట బావకు జబ్బు కన్నా ఎక్కువ బాధ కలిగించింది.

సాధనలో ఒకసారి టీచరే ధైర్యం చేసింది.

"ఒక మెట్టు దించితే పోలా? నాకూ వేళ్ళకి సుఖంగా ఉంటుంది."

"దించుకుంటూ పోతే పాతాళంలో తేలతాం టీచర్," అన్నాడు బావ. "రికార్డులో ఉన్నట్టు పాడలేని రోజున ఇంట్లో కూర్చుంటాను. పురపాలక హాల్లో కచేరీ ఉందిగా? అక్కడ గొంతు చీలిందా, ఇంక మీరు వేరే మనిషిని చూసుకోండి."

"నాకైతే ఏ శ్రుతైనా ఒకటే," అన్నాడు హవల్దారుగారు, కర్రలు తుడుచుకుంటూ. ఎవరూ నవ్వలేదు.

ఆ వారం భోజనాల దగ్గర భార్య కబురు చెప్పింది. "అన్నయ్య స్నానం చేస్తూ పాట మధ్యలో ఆపేస్తున్నాడట. వదిన ఫోన్ చేసి చెప్పింది. బాత్రూములో కూడా ఆపేశాడంటే మామూలు సంగతి కాదండీ. మీరేమైనా చెయ్యకూడదా?"

"నేనేం చెయ్యగలను? నావి పళ్ళు. గొంతు నా శాఖ కాదు."

"జోకులకేం తక్కువ లేదు," అని ఆమె పెరుగుగిన్నె అతని ముందుకు తోసింది.

కచేరీ ఆదివారం మధ్యాహ్నం జరిగింది. హాలు ముప్పాతిక నిండింది. మొదటి పాటలు బాగానే సాగాయి. ఆ పాట వంతు రాగానే బావ మంచినీళ్ళు తాగి, మైకుకు దూరంగా జరిగి, మళ్ళీ దగ్గరకు వచ్చాడు. పళ్ళ డాక్టరు చేతులు పియానో మెట్ల మీద పెట్టి, వాటి వంక ఒకసారి చూసుకుని, ఒక మెట్టు ఎడమకు జరిపి మొదలుపెట్టాడు.

పాడేవాడు శ్రుతిని పియానో నుంచే అందుకుంటాడు. మొదటి మాట బావ నోటినుంచి ఆ శ్రుతిలోనే వచ్చింది. రెండో మాట దగ్గర అతని కనుబొమలు ముడిపడ్డాయి. పియానో ఆగలేదు. టీచరు కళ్ళు పళ్ళ డాక్టరు ఎడమచేతి మీద నిలిచాయి. రెండో చరణం వచ్చేసరికి ఆమె వేళ్ళు గిటారు మెడ మీద ఒక గడి వెనక్కి జరిగి ఉన్నాయి. చివర గొంతు పైకి వెళ్ళింది, నిలబడింది, చీలకుండా దిగింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. బావ వంగి నమస్కరించాడు గాని నవ్వలేదు.

"మళ్ళీ టేపు పెట్టావయ్యా డాక్టరూ!" అన్నాడు హవల్దారుగారు తెర వెనక, భుజం తడుతూ. టీచరు గిటారును పెట్టెలో సర్దుకుంటూ ఉండిపోయింది. బావ తిన్నగా వెళ్ళి కారెక్కాడు. తర్వాతి శనివారం షెడ్డు తలుపు తెరవలేదు.

పళ్ళ డాక్టరు సోమవారం పని మధ్యలో లేచి డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళాడు. బావ కారులో ఉన్నాడు. పక్కన స్టీరింగు పట్టుకుని, రిటైరైన నర్సు ఒకావిడ నిటారుగా కూర్చుని ఉంది.

"క్లాసుంది. మాట్లాడాలంటే వెనక కూర్చో," అన్నాడు బావ. "అమ్మా, పోనివ్వండి. కుడి సిగ్నలు. అది వైపరమ్మా."

కారు కదిలింది. వాన లేని అద్దాన్ని వైపర్లు కొంతదూరం తుడుస్తూనే ఉన్నాయి.

"పొరపాటున జరిగిందని చెప్పడానికి వచ్చావా?" అన్నాడు బావ, వెనక్కి తిరగకుండా.

"లేదు."

"నయం. నువ్వు నిజంగా పొరబడితే ఆగిపోతావు. ఇన్నేళ్ళలో టేపు పెట్టి ఒక్కసారైనా ఆగకుండా వాయించావా? మొన్న తాపీగా వాయించుకుంటూ పోయావు. నేను గమనించననుకున్నావా?"

"అనుకున్నాను బావా."

"జాలిపడ్డావు."

"భయపడ్డాను."

"సార్, ముందు లారీ ఉంది," అంది నర్సు.

"ఉండనివ్వండమ్మా, అది ఆగే ఉంది. పక్కనుంచి పోనివ్వండి. దేనికయ్యా భయం?"

"నువ్వు మానేస్తే టీచర్నీ హవల్దారుగార్నీ ఎవరైనా పిలుచుకుంటారు. నన్నెవరు పెట్టుకుంటారు? పాటలన్నీ పక్క మెట్టులో నేర్చుకున్నవాణ్ణి. నువ్వు పెట్టుకున్నావు కాబట్టి సరిపోయింది. నువ్వు లేకపోతే నాకు శనివారం లేదు."

కారు ఒక్క కుదుపుతో ఆగింది.

"మీరు మాట్లాడుకోండి సార్. నాకు ఇంజను ఆగిపోయింది," అంది నర్సు.

"మళ్ళీ స్టార్టు చెయ్యండి. తొందరేం లేదు." బావ ఈసారి వెనక్కి తిరిగాడు. కళ్ళకింద నిద్ర చాలని నలుపు ఉంది. "నాతో ఒక మాట అనొచ్చుగా?"

"టీచరు అంది. ఏమన్నావు?"

"పాతాళం అన్నాను." కాసేపు వేలితో సీటు అంచు గీకాడు. "హాయిగా ఉందయ్యా పాడుతుంటే. అదీ నా కోపం. ఎన్నాళ్ళో అయింది అంత హాయిగా పాడి. చప్పట్లు కొడుతుంటే మాత్రం దొంగసొమ్ము అనిపించింది. జనం రికార్డులో ఉన్నట్టే విన్నామనుకుని వెళ్ళారు."

"మరేం చేద్దాం?"

"దించాలంటే చెప్పి దించుదాం. నీ పొరపాటు వేషం నాకొద్దు."

"ఇప్పుడు ఎడమకా, కుడికా?" అంది నర్సు.

"ఇంటికమ్మా," అన్నాడు బావ. "మీరు బాగానే నడుపుతున్నారు."

తర్వాతి కచేరీ ఒక గ్రంథాలయం మేడమీద జరిగింది. ఆ పాటకు ముందు బావ మైకు ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నాడు. స్టాపు పేరు చెప్పే స్వరంతో, తడబడకుండా అన్నాడు:

"ఈ పాట రికార్డులో ఇంకో మెట్టు పైన ఉంటుంది. నా గొంతు అక్కడిదాకా పోవడం మానేసింది. కిందినుంచే పాడతాను. ఇష్టం లేనివాళ్ళు ఈ ఒక్క పాటకీ టీ తాగి రావచ్చు."

"పాడవయ్యా! మా మోకాళ్ళూ మేడలెక్కడం మానేశాయి, అయినా వచ్చాంగా!" అన్నారెవరో మధ్య వరసలోంచి. నవ్వులు లేచాయి. ఎవరూ టీకి వెళ్ళలేదు.

పాట ముగిసింది. దాని తర్వాతిది కూడా రికార్డులో ఎత్తుగా ఉన్నదే. టీచరు గిటారు మెడ మీద చేతిని ఎక్కడ పెట్టాలో తెలియక, పైకా కిందికా అన్నట్టు బావ వైపు చూసింది. పళ్ళ డాక్టరు కూడా చేతులు మెట్లకు తగలకుండా గాలిలో ఆపి ఉంచాడు. బావ నీళ్ళగ్లాసు కింద పెట్టి, ఇద్దరివైపూ చూసి, బొటనవేలు కిందికి తిప్పాడు.