ఇటలీ కారు రంగు గీకకముందే మాచర్లకు

ఈ ప్రయాణం చేసిన రోజున నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు బడికి పంపలేదు, పెళ్లయ్యాక తీరిక దొరకలేదు. యాభై దాటాక రాత్రి బడిలో కూర్చుని గుణింతాలు నేర్చుకున్నాను. అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

మా ఆయన మెకానిక్. ఆయన పోయాక మాచర్ల షెడ్డులో ఒక ఇటలీ కారు మిగిలింది. ఎర్ర రంగు, రెండే సీట్లు, స్టీరింగు ఎడమ పక్క. రిపేరు ఖర్చు భరించలేక ఒక పొగాకు వ్యాపారి మా ఆయనకే రాసిచ్చేసిన బండి. అంతలో ఆ షెడ్డు స్థలాన్ని యజమాని అమ్మకానికి పెట్టాడు. మేం కొనకపోతే అక్కడే పని చేసుకుంటున్న మా మరిది కాశిం రోడ్డున పడతాడు. పాత కార్లు కొనే హైదరాబాదు ఆయన ఒకరు వచ్చి చూసి, స్థలానికి సరిగ్గా సరిపోయే రేటు చెప్పి వెళ్లాడు.

ఆ రోజు పొద్దున ఆరున్నరకు ఆయనే ఫోన్ చేశాడు. "రేపు వస్తున్నామమ్మా. బండిని ఎవరూ ముట్టుకోవద్దు, తుడవడం కూడా వద్దు. ఇలాంటివి దేశంలో ఒకటో రెండో ఉంటాయి. కంపెనీలో వేసిన రంగు అలాగే ఉంది కాబట్టే ఆ రేటు. కొత్త రంగు పడితే సగం విలువ పోతుంది."

వెంటనే కాశింకి ఫోన్ చేశాను. "వదినా, నువ్వు దిగులు పడబాక. పెయింటర్‌ని పిలిపించా. రేపటికి పెళ్లికూతురిలా ఉంటది" అని, నేను నోరు తెరిచేలోపే పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఏడింటికి మా నరసరావుపేట బస్టాండులో ఉన్నాను. బోర్డులు చదవలేను కదా, కండక్టర్లను అడుగుతూ తిరిగాను. మాచర్లకు నేరుగా వెళ్లే బస్సు ఎనిమిది తర్వాతే అన్నారు. ఆగలేక పిడుగురాళ్ల బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు, మీరు వెళ్లేటప్పుడు కార్డు మర్చిపోకండి. పిడుగురాళ్లలో దిగి, కనబడిన ప్రతి బస్సు దగ్గరా "మాచర్లేనా?" అని అడిగి ఎక్కాను.

పక్క సీట్లో రెంటచింతల వెళ్లే మిరప రైతు, నాకంటే పెద్దావిడ. "ఏందమ్మా, ఫోన్‌తో అంత కుస్తీ?" అంది. సంగతి చెప్పాను. ఆమె పకపకా నవ్వింది.

"తుడవొద్దన్నాడా? మురికిగా ఉంచమనేదీ వాడే, రేపొచ్చి మురికిగా ఉందని రేటు తెంపేదీ వాడే. మిరపలో రంగు పోయిన తాలుకాయ ఏరకుండా తెమ్మన్నోడు మమ్మల్ని అట్నే ముంచాడు."

ఆయన చెప్పింది అబద్ధమైతే, నేను పని ఆపించి బండిని పాత ఇనుములా చూపించబోతున్నాను. నిజమైతే ఈపాటికి రంగు రాలిపోతూ ఉంటుంది. గురజాలలో టీకి బస్సు ఆపారు. అందరూ దిగారు, నేను కదల్లేదు. రెంటచింతలలో దిగుతూ ఆమె, "వెయ్యించమ్మా, ఎరుపే వెయ్యించు, చానా బాగుంటది" అని భుజం తట్టి పోయింది.

పదిన్నరకు మాచర్ల. ఆటోకు నలభై అడిగాడు, బేరమాడకుండా ఎక్కాను. షెడ్డు బయటికే సాండ్‌పేపర్ రుద్దే చప్పుడు వినపడుతోంది. బానెట్ మీద ఎరుపంతా పోయి వట్టి రేకు తేలింది. పెయింటర్ తలుపు మీదికి వస్తున్నాడు. ఆ తలుపు మీద అరచెయ్యి పెట్టాను.

"చెయ్యి తియ్యి పిన్నీ, తోలు లేచిపోద్ది."

"లేచిపోనీ."

కాశిం పరుగెత్తుకొచ్చాడు. ఫోన్‌లో విన్నదంతా చెప్పాను. "వాడి మాట నమ్మి వచ్చావా వదినా? బండి బాగా కనబడితే ఎక్కువ ఇయ్యాల్సొస్తదని వాడి ఎత్తు. మురికి బండి చూపిస్తే మన పరువేం కాను?"

బస్సులో ఆవిడ మాటే. "బండి నా పేరున ఉంది. ముట్టుకోబాకండి" అన్నాను. ఆ మాటకు కాశిం ముఖం మాడిపోయింది. కూలి చేతిలో పెట్టి పెయింటర్‌ని పంపేశాడు.

మర్నాడు హైదరాబాదు ఆయన చిన్న మీటరు తెచ్చి బండి చుట్టూ ఆనించి చూశాడు. రంగు మందం చెబుతుందట. ఆనించిన ప్రతి చోటా తలూపాడు. బానెట్ దగ్గర ఆగాడు.

"ఇదెవరు గీకారు?"

"మేమే, తెలియక."

"మిగతాదంతా అసలు రంగే. దీని మేరకు మాత్రం తగ్గించాలమ్మా."

కాశిం నా చెవిలో, "చూశావా? తెంపుతాడని చెప్పలా!" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తగ్గేది బానెట్ వరకే అని పట్టుబట్టాను. ఆయన ఒప్పుకున్నాడు. సాయంత్రానికి బండి లారీ ఎక్కింది. స్థలం యజమాని వచ్చిన డబ్బు చూసి, అంత మేరకే ఇస్తానని స్థలంలో వెనక వైపు ఒక నేల పట్టీ తనకే ఉంచుకున్నాడు.

పాత కారు అమ్మేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, గుడ్డ కూడా తగిలించకండి.

నా తిరుగు బస్సు మర్నాడు పదింటికి. ఆ ఉదయం బస్టాండుకు వెళ్లేముందు, నేనూ కాశిమూ చెరో కొస తాడు పట్టుకుని హద్దు లాగాం. పోయిన పట్టీని అతను అడుగులేసి కొలిచాడు.

"బానెట్ అంత పోయింది వదినా."

"షెడ్డు నిలిచింది. తాడు బిగించు" అని, నా కొస దగ్గర గూటం నేనే దిగ్గొట్టాను.