బాబాయ్ నడిచి దిద్దిన పేజీ

నేను కంపోజింగ్ చేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పెద్దాయన్ని అందరం బాబాయ్ అనే పిలుస్తాం. నవల చేతికిస్తే అక్షరాలు కళ్ళతో దిద్దుతాడు, వీధులు కాళ్ళతో దిద్దుతాడు. కథలో ఎవరైనా మన ఊళ్ళో నడిచారంటే చాలు, చేతిగడియారం చూసుకుని ఆయనా బయల్దేరతాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పిచ్చి. "రాసేది ఎవరో, చెప్పులు అరిగేది ఈయనవి" అని ఆయన భార్య, మా పిన్ని, దెప్పుతూనే ఉంటుంది. ఆయన చెవిన పెడితేగా!

"పాత కథల్లో రాజుగారు గుర్రమెక్కితే తర్వాతి వాక్యంలో కోటలో దిగేవాడు, అడిగేవాళ్ళు లేరు. ఇప్పటి నవలల్లో మామూలు మనుషులు ఊరంతా నడుస్తారు. మనసులో ఏం తేల్చుకున్నా ఆ నడకలోనే. అది తప్పు రాస్తే మనిషినే తప్పు రాసినట్టు" అంటాడు.

నా మొదటి నవల ఆయన చేతిలోనే పడింది. శుక్రవారం అచ్చుకి వెళ్ళాలి. అందులో నాన్నతో పోట్లాడి ఇల్లు విడిచిన కూతురు, ఆయన ఆఖరి ఘడియల్లో ఉన్నాడని ఫోనొస్తే, ఐదింటికి కుట్టుమిషన్ల కార్ఖానా నుంచి నడిచి బయల్దేరుతుంది. ఐదున్నరకి ఆసుపత్రిలో నాన్న చెయ్యి పట్టుకుంటుంది. ఆరింటికి ఆయన పోతాడు. ఆ పేజీ రాస్తూ నేనే ఏడ్చాను.

బాబాయ్ మార్జిన్‌లో ఎర్రసిరాతో రాశాడు: "గంటా పది నిమిషాలు. చేరదు."

నాకు ఒళ్ళు మండింది. "కథ బాబాయ్! గడియారం పెట్టుకుని ఎవరు చదువుతారు?"

"నేను చదువుతాగా. పోనీ, ఆటో ఎక్కించు."

"ఎక్కదు."

"ఎందుకెక్కదు?"

నేను ప్రూఫు కాగితాలు మడిచేశాను.

"పద, చూసొద్దాం" అని లేచాడు.

కార్ఖానా గేటు దాటాం. తాళాలు బాగుచేసే కొట్లు, పాత టైర్ల వీధి, రైలు పట్టాల మీది మెట్ల వంతెన. వంతెన దిగి మోకాలు పట్టుకుని ఆగాడు. "ఇప్పటికి నాలుగు ఖాళీ ఆటోలు పోయాయి. మీ పిల్ల చూడలేదా?"

"చూసింది. నేను చూశాను బాబాయ్." ఇక ఆపుకోలేకపోయాను. "ఎక్కితే మా నాన్న దగ్గరికి వేళకి చేరతానని తెలుసు. కాసేపు ఎదురుచూడనీ అని పంతం పట్టి నడిచాను. కాసేపే అనుకున్నాను."

ఆయన ఓదార్చలేదు. గడియారం చూసుకుని, "ఇంకా ఇరవై నిమిషాల నడక ఉంది, రా" అన్నాడు. పూర్తిగా నడిచాం.

తిరిగొచ్చి ఆ పేజీ చింపేసి మళ్ళీ రాశాను. ఈసారి కూతురు నాలుగు ఆటోలనీ చూస్తుంది, ఒక్కదాన్నీ ఆపదు. ఆరూ పదికి వార్డులో అడుగుపెట్టేసరికి మంచం మీద దుప్పటి నాన్న ముఖాన్ని కప్పేసి ఉంటుంది.

శుక్రవారం పొద్దున్నే ప్రూఫు తిరిగొచ్చింది. ఆ మార్జిన్‌లో ఎర్రసిరాతో రెండే మాటలు: "టైము సరిపోయింది."