కణంలో దాక్కున్న క్రిమి

మూడేళ్ల కిందటి మాట. ఉప్పల్‌లో బస్సెక్కి నాచారంలో నేను పనిచేసే ఫ్యాక్టరీకి వెళ్తున్నాను. టీబీ మందులు మొదలుపెట్టి అప్పటికి మూడో నెల. దగ్గు తగ్గింది గానీ, మాత్ర వేసుకుంటే చాలు కడుపులో తిప్పేది.

"మందులు బందు వెట్టి పది రోజులైంది. మంచిగనే ఉన్న, ఫికర్ చెయ్యకు" అని ఫోన్లో నా భార్యకు చెప్పాను.

పక్కసీటులో ఒక నడివయసు ఆమె కూర్చుంది. మెడలో ల్యాబ్ కార్డు ఉంది. నేను ఫోను పెట్టేయగానే నావైపు తిరిగింది.

"ఏమనుకోకు తమ్ముడూ. క్రిముల్ని మింగి సంపే కణాలు మన ఒంట్ల ఉంటయి. టీబీ క్రిమి గట్ల మింగిన కణంలనే సావకుండ దాక్కుంటది. అప్పుడు వేరే కణాలొచ్చి ఆ కణానికి బలమిస్తయి, సుట్టూ గోడ లెక్క నిలబడ్తయి. దగ్గు తగ్గిందంటే క్రిమి సచ్చినట్టు కాదు. ఆ కణాలింకా కొట్లాడుతనే ఉన్నయి. నువ్వు మందు ఆపితే వాటికి తోడెవరు?"

"నీకెట్ల తెలుసక్కా?"

"సదువుకున్న. గని మా అన్నకే టైముకు చెప్పలేకపోయిన. ఆయన గూడ మంచిగైందని నడుమల ఆపిండు."

ఆమె కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్లొత్తుకుంది.

నాచారంలో ఇద్దరం దిగాం. ఆమె పేరైనా అడగలేకపోయాను. డ్యూటీకి వెళ్లకుండా రోడ్డు దాటి, దవాఖానాకు వెళ్లే బస్సెక్కాను.

"ఎన్ని రోజుల మందు తప్పింది?" అని డాక్టరమ్మ అడిగింది.

ఒకటో రెండో అందామనుకున్నాను. "పది" అన్నాను.